లష్కర్ల మా లెక్క ఏది?

మా తాత రేకుపెట్టెలో ఒక ఇత్తడి బిల్లా ఉండేది. అరచేతిలో సగం ఉంటది. పైన ఇంగ్లీషు అక్షరాలు, కింద ఒక నంబరు. ఆ అక్షరాలు మా తాతకు రావు. నంబరు మాత్రం సచ్చేదాక యాదికుండె. "నా పేరేందో అడిగిన దొర ఒక్కడు లేడు బిడ్డా. అందరు నంబరుతోనే పిలిచిరి. నంబరు పిలుస్తే ఒర్రకపోతె ఆ దినం మజూరి లేదు" అనేటోడు.

ఆ బిల్లా సికింద్రాబాద్ మున్సిపాలిటీది. ఆ మున్సిపాలిటీ ఇయ్యాల లేదు. 1960లో హైదరాబాదు కార్పొరేషన్ల కలిపేసిండ్రు. సికింద్రాబాద్ అనేది ఒకప్పుడు వేరే పట్నమని, దానికి వేరే పాలన, వేరే కోర్టులు, వేరే చెత్తబండ్లు ఉండేవని ఇయ్యాలటి పిల్లలకు తెల్వదు. వాళ్లకది స్టేషన్ పేరు. నాకది మా తాత ఊడ్చిన పట్నం.

నేను ఘాస్‌మండికి ఇవుతల ఒక మాదిగ వాడల పుట్టిన. మా ఇండ్లల్ల సికింద్రాబాద్ అనరు. లష్కర్ అంటరు. లష్కర్ అంటె ఫౌజు. ఊరి పేర్లోనే దాని పుట్టుక ఉన్నది.

చరిత్ర పుస్తకాలు ఇట్ల చెప్తయి. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతోని సైన్య సహకార ఒప్పందం చేసుకున్నడు. కంపెనీ ఫౌజు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరం దిక్కు డేరాలు వేసింది. 1806లో ఆ డేరాల ఊరికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టిండ్రు. నేల నిజాందే, పెత్తనం తెల్లోళ్లది. 1874లో వాడి నుంచి రైలొచ్చింది. 1897లో గడియార స్తంభం లేచింది. రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ పేరు మీద జేమ్స్ స్ట్రీట్ ఉండె. దొరలు పోయినంక దాని పేరు మహాత్మాగాంధీ రోడ్డు అయింది. పార్సీలు, మార్వాడీలు, ముదలియార్లు బంగ్లాలు, బడులు, ఆసుపత్రులు కట్టించిండ్రు. ఇంతే. ఇక్కడికి లష్కర్ చరిత్ర ఒడుస్తది.

అబద్ధం ఏం లేదు. అన్నీ నిజాలే. కాని ఒక్కటి అడుగుత. వేల మంది ఫౌజు డేరాలేసినంక వాళ్ల గుర్రాలకు గడ్డి ఎవడు కోసుకొచ్చిండు? ఆ గుర్రాల మీద జీనులు ఎవడు కుట్టిండు? నీళ్లు మోసే తోలుతిత్తులకు తోలెవడు ఊనవెట్టిండు? దెబ్బ తగిలిన సిపాయిని డోలీల ఎవడు మోసిండు? వాళ్ల దొడ్లల్ల పీతి ఎవరు ఎత్తిపోసిండ్రు? ఒక్క దినం ఈ పని ఆగితె ఆ దండు నిలబడునా? ఫిరంగి లేకుంట వారం ఉంటడు దొర. పాకీ మనిషి లేకుంట మూడో దినం ఉండలేడు.

పుస్తకాలల్ల జవాబు లేకపోతె ఏమాయె, పేర్లల్ల ఉన్నది. ఘాస్‌మండి: గుర్రాల గడ్డి అమ్మిన మండి. బోయిగూడ: బోయీలు, పల్లకీ మోసినోళ్లు ఉన్న గూడెం. కుమ్మరిగూడ: కుండలు చేసినోళ్లది. కార్ఖానా: చేతిపని చేసినోళ్లది. రెజిమెంటల్ బజార్: ఫౌజుకు సరుకు అమ్మిన బజారు. పల్లకీల కూసున్నోనిది స్ట్రీట్. పల్లకీ మోసినోనిది గూడ. కూసున్నోనికి సొంత పేరున్నది, పుట్టిన తేదీ ఉన్నది, పటం ఉన్నది. మోసినోళ్లందరికి కలిపి ఒకటే పేరు, అది గూడ కులం పేరు.

బేగంపేటల రోనాల్డ్ రాస్ పేరు మీద ఒక సంస్థ ఉన్నది. 1897 ఆగస్టు 20న దోమ కడుపుల మలేరియా క్రిమిని అక్కడనే చూసిండు. 1902ల నోబెల్ బహుమానం తీసుకున్నడు. గొప్ప పని, కాదన. కాని ఆ దోమలు ఎవరి నెత్తురు తాగినయి? హుస్సేన్‌ఖాన్ అనే జ్వరమొచ్చిన పేద మనిషి నెత్తురు. ఒక్క దోమకు ఒక అణా లెక్కన ఇచ్చిండ్రు. హుస్సేన్‌ఖాన్ అదృష్టవంతుడు, పేరన్న మిగిలింది. మావోళ్లకు బిల్లా నంబర్లు మిగిలినయి.

* * *

మా ముత్తాత నల్గొండ దిక్కు ఒక పల్లె నుంచి లష్కర్ వచ్చిండు. అక్కడ దొర ఇంట్ల వెట్టి. సచ్చిన గొడ్డును ఈడ్చాలె, తోలు తీయాలె, చెప్పులు కుట్టియ్యాలె, మోట బొక్కెన కుట్టాలె, డప్పు కొట్టాలె. ఇచ్చింది తీసుకోవాలె, అడుగొద్దు. ఒక రాత్రి పెండ్లాంను, ఇద్దరు పిల్లల్ని తీసుకొని, ఆరె కత్తి చేతుల పట్టుకొని నడిచొచ్చిండంట. ఇక్కడ గుర్రపు దళంల జీనులు కుట్టే పని దొరికింది. అదే తోలు, అదే ఆరె. కాని నెల తిరిగేసరికి చేతుల పైసలు పడ్డయి. మా వంశంల చేసిన పనికి పైసలు చూసిన మొదటి మనిషి ఆయననే.

ఈ మాట చెప్తే మన కామ్రేడ్లు కొందరు మొకం మాడ్సుకుంటరు. "బ్రిటిషోళ్లను పొగుడుతున్నవా?" అంటరు. పొగడుతలేను. ఊర్ల వెట్టికి, దండుల జీతానికి మధ్య ఎంత దూరముంటదో వెట్టి చెయ్యని కడుపులకు ఎరుక కాదని చెప్తున్న. అంబేద్కర్ పుట్టింది గూడ మౌ దండులనే, ఒక సుబేదార్ ఇంట్ల. ఆయన తండ్రి ఫౌజుల ఉన్నడు గనుక చదువు ఇంట్లకొచ్చింది. ఆ తండ్రుల్ని వాడుకున్నంత కాలం వాడుకొని, 1890లల్ల మహర్లను ఫౌజుల చేర్చుకునుడు ఆపేసింది ఆ తెల్లదొరలే. వాళ్ల దయ ఎంతదో గీ ఒక్క ముచ్చటల తెలుస్తది.

దండుల జీతమైతె ఉండె, కులం గూడ ఉండె. దొరల బంగ్లాలు ఇప్పటికి కొన్ని నిలబడి ఉన్నయి. పెద్ద పెద్ద వరండాలు, ఎత్తు కప్పులు. పోయి చూస్తే స్నానాలగదికి వెనక దిక్కు ఒక చిన్న తలుపుంటది. గైడ్లు దాన్ని చూపియ్యరు. అది మా తలుపు. పాకీమనిషి ఇంట్లకు రాకుంట, ఇంటోళ్లకు కనబడకుంట, డబ్బ తీసుకపోవుటానికి పెట్టిన తలుపు. మనువు చెప్పిందాన్ని ఇంగ్లాండు ఇంజనీరు ఇటుకలతోని కట్టిండు. వంట చేసే బట్లర్ ముంగటి దిక్కు, ఊడ్చేటోడు వెనుక దిక్కు. మాలోళ్లు, అరవ మాలోళ్లు కొందరు వంటింటి దాక పోయిండ్రు. మేము గుర్రాలకొట్టం కాడ ఆగినం. మెహతర్లు ఆ వెనక తలుపు కాడ ఆగిండ్రు. ఇది గూడ రాయాలె. మనలమనం దాచుకుంటె చరిత్ర కాదు.

* * *

మా తాత 1930లల్ల పనిల చేరిండు. తెల్లారకముందే జేమ్స్ స్ట్రీట్ ఊడ్చాలె. మా నాయినమ్మ తట్టతోని చెత్త బండికెత్తేది. ఆమెకు బిల్లా గూడ లేదు. మొగని మస్టర్లనే ఆమె పని కలిసిపోయేది. ఇద్దరు చేస్తే ఒకటిన్నర కూలి.

1945ల సికింద్రాబాద్ మున్సిపాలిటీ ఏర్పడ్డది. తెల్లోళ్ల చేతుల నుంచి ఊరు నిజాం సర్కారుకు వచ్చింది. మా తాతకు కొత్త బిల్లా వచ్చింది. అదే నేను చెప్పిన బిల్లా. 1950ల మున్సిపాలిటీని కార్పొరేషన్ చేసిండ్రు. చీపురు మారలె. 1956ల ఆంధ్రప్రదేశ్ వచ్చింది. చీపురు మారలె. 1960ల సికింద్రాబాద్ కార్పొరేషన్‌ను హైదరాబాదుల కలిపిండ్రు. చీపురు మారలె, లెక్క మారింది.

అరవై దాటినంక మా తాత పని నుంచి దిగిపోయిండు. పింఛను కోసం ఒక ఆఫీసుకు పోయిండు. నాకప్పుడు ఎనిమిదేండ్లు. చదువుకుంటున్న పిలగాడని నన్ను తోలుకపోయిండు, కాయితం చదువుతనని. వరండల గంటలు గంటలు నిలబడ్డం. బెంచి ఉన్నది, కాని మా తాత కూసోలె, నన్ను గూడ కూసోనియ్యలె. లోపటికి పిలిచినంక గుమాస్తా రిజిస్టరు తిరగేసి, "1960 నుంచే నీ పేరున్నది. అంతకుముందుది లేదు" అన్నడు.

మా తాత ధోతి కొంగుల ముడి ఇప్పి బిల్లా తీసి బల్ల మీద పెట్టిండు. బల్లకు తగలకుంట మెల్లగ పెట్టిండు.

"గిదేంది?"

"నా నంబరు బాంచెన్. లష్కర్ మున్సిపాల్టిది."

గుమాస్తా దాన్ని ముట్టలె. పెన్సిలుతోని ఇటు తిప్పి చూసిండు. "ఆ మున్సిపాలిటీ యాడున్నది ఇప్పుడు? లేని మున్సిపాలిటీల చేసిన పనికి పింఛను ఎట్లొస్తది?" అన్నడు. పక్కబల్ల మీది మనిషి నవ్విండు.

ఆ మాట ఇన్నేండ్ల నుంచి నా చెవుల ఉన్నది. లేని మున్సిపాలిటీ! ఆ లేని మున్సిపాలిటీ జాగలు ఉన్నయి. దాని మార్కెట్లు ఉన్నయి, వాటి కిరాయిలొస్తున్నయి. దాని బంగ్లాలున్నయి, పార్కులున్నయి, గడియారమున్నది. అది ఇయ్యవలసిన అప్పులుంటే అవి గూడ కొత్త కార్పొరేషన్‌కే వచ్చి ఉంటయి. అన్నీ వారసత్వంగ వచ్చినయి. మా తాత ఊడ్చిన పదిహేనేండ్లు మాత్రం రాలె. అంతకు ముందు దండు బజార్ల ఊడ్చిన ఏండ్లనైతె ఎవడు అడిగిండు? ఊర్లు కలిసినప్పుడు ఆస్తులు కలుస్తయి, మనుషుల చెమట కలవదు. ఇది ఒక గుమాస్తా దుర్మార్గం అని నేను అనుకుంటలేను. ఆ గుమాస్తా ముంగట ఉన్న రిజిస్టరే అట్లున్నది. రోజుకూలి వాళ్ల పేర్లు రాసిపెట్టాలని ఎవనికీ తోచలె. రాయకపోవుడు గూడ ఒక రాతనే.

మా తాత పింఛను లేకుంటనే సచ్చిండు. సచ్చేముందు బిల్లా నాకిచ్చి, "పారెయ్యకు" అన్నడు. అంతే.

* * *

2006ల సికింద్రాబాద్‌కు రెండువందల ఏండ్లని ఉత్సవాలు జరిగినయి. దీపాలు పెట్టిండ్రు, పాటలు పాడిండ్రు. మా దిక్కు కొందరు పెద్దమనుషులు ఒక ప్రత్యేక సంచిక వేస్తమని, బడిపంతుల్ని గనుక నన్ను గూడ ఒక వ్యాసం రాయమన్నరు. నాకు సంబురమాయె. మా వాడ గురించి, జీనులు కుట్టినోళ్ల గురించి, బిల్లా గురించి రాసిచ్చిన. పదిదినాలకు వెనక్కి పంపిండ్రు. "బాగుంది మాస్టారూ, కాని సందర్భం వేడుక కదా. కొంచెం ఆహ్లాదంగా ఉండేది రాయండి. ఇరానీ హోటళ్ల గురించి, సినిమా టాకీసుల గురించి" అన్నరు.

ఇరానీ చాయ్ నాకు గూడ ఇష్టమే. కాని మా నాయిన లాలాగూడ వర్క్‌షాపుల ఖలాసీగ ఉన్నప్పుడు, తాను చిన్నగున్ననాటి ఒక హోటల్ గురించి చెప్పేది. తెలిసినోళ్లు అడిగేటోళ్లు, "నువ్వు ఘాస్‌మండి ఏ దిక్కు?" అని. ఈ దిక్కు అంటె ఒక కప్పు, ఆ దిక్కు అంటె ఒక కప్పు. ఆహ్లాదం ఎవరిదో, ఆ కప్పు కడిగింది ఎవరో నేను రాయొద్దా? రాసేటోని కులాన్ని బట్టి ఊరి యాది తియ్యగనో చేదుగనో ఉంటది. తియ్యటి యాదులొక్కటే అచ్చేసి దానికి "మన సికింద్రాబాద్" అని పేరు పెడితె, ఆ "మన"లో మేము లేము.

ఇగ బోనాలు. లష్కర్ బోనాలంటే ఇయ్యాల రాష్ట్ర పండుగ, మంత్రులొస్తరు, టీవీలొస్తయి. ఉజ్జయిని మహంకాళి గుడి ఎవరు పెట్టిండ్రు? 1813ల కలరా తగిలినప్పుడు ఉజ్జయినిల మొక్కుకొని, 1815ల లష్కర్ వచ్చి కట్టె విగ్రహం నిలబెట్టింది సురిటి అప్పయ్య, ఫౌజుల డోలీ మోసిన మనిషి. దొరల్ని మోసిన భుజాలే దేవతను గూడ మోసుకొచ్చినయి. ఆ గుడి చుట్టూ పుట్టిన ఊరేగింపుకు డప్పు మాది. రంగం నాడు పచ్చికుండ మీద నిలబడి ఊరి భవిష్యత్తు చెప్పే ఆడిది మాతంగి. పచ్చికుండ మీద నిలబెట్టి వానలు పడ్తయా లేదా అని అడుగుతరు. కుండ దిగినంక ఆమె ఎట్ల బతుకుతదని అడిగినోళ్లను నేను చూడలె. దేవుని పేరు మీద ఆడపిల్లల్ని విడిచే జోగిని ఆచారాన్ని 1988ల చట్టం చేసి నిషేధించిండ్రు. అప్పటిదాక ఎంతమంది మాదిగ ఆడపిల్లలు ఊరుమ్మడి అయిండ్రో ఆ లెక్క గూడ తీయాలె.

* * *

మేము మోసినం, ఊడ్చినం, కుట్టినం అని ఏడ్చుడొక్కటే నా పని కాదు. మేము ఈ పట్నంల తలెత్తినం గూడ. 1906ల భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదుల జగన్మిత్ర మండలి పెట్టి, తర్వాత మావాళ్ల పిల్లలకు బడులు తెరిచిండు. అరిగె రామస్వామి సునీత బాల సమాజం పెట్టి తాగుడు మీద, జోగిని మీద సికింద్రాబాద్ వాడలల్ల తిరిగి చెప్పిండు. 1931 జనాభా లెక్కలల్ల నిజాం రాజ్యం మమ్ములను ఆదిహిందువులని రాసుకునేటట్టు చేసింది ఆ తరమే. చూడండి, వాళ్లు గూడ లెక్క కోసమే కొట్లాడిండ్రు.

చిలకలగూడల పుట్టిన ఈశ్వరీబాయి 1950ల మొదట్ల ఇదే సికింద్రాబాద్ పురపాలనల కౌన్సిలర్‌గ గెలిచింది. 1967ల, 1972ల ఎల్లారెడ్డి నుంచి అసెంబ్లీకి పోయి ముఖ్యమంత్రులను నిలబెట్టి అడిగింది. మెహతర్ ఇంట్ల పుట్టిన టి.ఎన్. సదాలక్ష్మి 1960ల డిప్యూటీ స్పీకర్ అయింది. దేవాదాయ శాఖకు మంత్రి గూడ అయింది. ఏ కులాన్ని గుడి మెట్లెక్కనియ్యలేదో ఆ కులం ఆడబిడ్డ గుళ్ల మీద సంతకం పెట్టింది. 1994ల దండోర మొదలైనంక ముసలితనంల ఆమె దానికి అండగ నిలబడ్డది. లేని మున్సిపాలిటీ అన్నడు గుమాస్తా. ఆ లేని మున్సిపాలిటీలనే మా ఆడోళ్లు కుర్చీల కూసున్నరు. ఇది ఎందుకు పిల్లలకు చెప్పరు?

మనోళ్ల తప్పు గూడ చెప్తా. మన సభలల్ల ఈ పేర్లు జయంతికోసారి తీసి, దండేసి, మళ్ల లోపట పెడుతున్నం. మాలోడు రాస్తే మాదిగ పేరు దిగదు, మాదిగోడు రాస్తే మెహతర్ యాదికి రాడు. ఎవడు రాసినా ఆడోళ్లు ఆఖరి పేజీల ఉంటరు. మా నాయినమ్మ మా తాత మస్టర్ల కలిసిపోయినట్టు. వర్గీకరణ ఎందుకని అడిగేటోళ్లకు మా నాయినమ్మ కూలి చూపిస్త. ఇద్దరి పని ఒక్క పేరు మీద రాస్తే ఎవని కడుపు కాలుతదో అక్కడనే తెలుస్తది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణ చేయవచ్చన్నది. ముప్ఫై ఏండ్లు కొట్లాడితె ఒక లెక్క ఒప్పుకున్నరు. చరిత్రల వర్గీకరణకు కోర్టు లేదు. అది మనమే చేసుకోవాలె.

* * *

మా వాడ ఇప్పుడు సగమే ఉన్నది. రోడ్డు వెడల్పుకు ముందటి వరస ఇండ్లు పోయినయి. మా తాత ఇల్లున్న జాగల ఫుట్‌పాత్ ఉన్నది. తెల్లారి అక్కడ ఊడ్చే ఆడపిల్ల మా వాడదే. ఔట్‌సోర్సింగ్ అంటది. ఆమె మెడల బిల్లా లేదు, ప్లాస్టిక్ కార్డున్నది. కంట్రాక్టరు మారినప్పుడల్లా కార్డు మారుతది, సర్వీసు మళ్ల ఒకటో దినం నుంచి మొదలు. 2007ల చుట్టుపక్కల పన్నెండు మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ చేసిండ్రు. అల్వాల్, మల్కాజిగిరి, కాప్రా, ఉప్పల్... ఒక్కొక్కటి ఒక ఊరు, ఒక్కొక్క ఊర్ల ఊడ్చిన మనుషులు. కలిపినప్పుడల్లా బోర్డు పెద్దగైతది. బోర్డు కింద నిలబడ్డోళ్ల లెక్క గల్లంతైతది.

2022ల బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసిండ్రు. ఏండ్లకేండ్ల చెత్త తీస్తే అడుగున బావి బయటపడ్డది. చూడబోయిన. మంచిగున్నది. నాకొక్కటే అనిపించింది: చెత్త తీస్తే రాళ్లు దొరికినయి, గట్లనే తవ్వితె మనుషులు గూడ దొరుకుతరు. ఆ తవ్వకం ఎప్పుడు?

విద్యార్థులకు, కార్యకర్తలకు ఒక్క మాట. మీరు యూనివర్సిటీలల్ల థీసిస్‌లు రాస్తున్నరు. దండు రికార్డుల్ల, మున్సిపాలిటీ పాత గదులల్ల మస్టర్ రోల్స్ ఉంటే తెరవమని అడగండి, తెరవకపోతె సమాచార హక్కు చట్టం కింద రాయండి. ఘాస్‌మండి, బోయిగూడ, రసూల్‌పుర, లాలాగూడ, తిరుమలగిరి వాడలల్ల రేకుపెట్టెలు తెరిపియ్యండి. బిల్లాలుంటయి, జీతం చీటీలుంటయి, బట్లర్లకు దొరలిచ్చిన చిట్టీలుంటయి. ముసలోళ్లు పోకముందే వాళ్ల పేర్లు, వాళ్ల పెండ్లాల పేర్లు రాసుకోండి. పెండ్లాల పేర్లు ముందు రాయండి.

ఇగో, నేను మొదలు పెడుతున్న. మా నాయినమ్మ పేరు ఎల్లమ్మ. లష్కర్ల ఇరవై ఏండ్లు చెత్త ఎత్తింది. ఏ రిజిస్టర్ల లేదు. ఇప్పుడు ఇక్కడ ఉన్నది.